పాత జావాకి జోడు కుదరాలంటే...

గొడ్ల కొట్టంలో ఓ మూల, గోనెపట్టాల కింద తాతగారి జావా. సీటు ఎలుకలు కొరికేశాయి. ట్యాంకు నిండా తుప్పు. పెద్దవూర లాంటి ఊళ్లలో ఇలాంటి బండి ఒకటీ అరా కనిపిస్తూనే ఉంటుంది. మనవడికి దాన్ని బాగుచేయించాలని ముచ్చట. మంచిదే! కానీ విప్పడం ఒక్కపూట పని. బిగించడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. కారణం... పార్టులు!

జావా పుట్టిల్లు చెకొస్లొవేకియా. మనదేశంలో 1961 నుంచి మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైంది. 1970ల్లో పేరు మార్చుకుని యెజ్డీ అయింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో కొత్త బండ్లు వచ్చిన మాట నిజమే. అయితే అవి ఫోర్ స్ట్రోక్‌వి, పాతవి టూ స్ట్రోక్‌వి. ఇంటిపేరు ఒకటే, లోపలి సంసారం వేరు. ఆ ఇంజిన్ సామాను దీనికి పనికిరాదు.

ఇక మిగిలిందేమిటి? కోదాడ మీదుగా విజయవాడ ఆటోనగర్‌కో, లేదంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళ్లి వెతుక్కోవడమే. దొరికేవి పాత బండ్లు విప్పగా వచ్చినవి, లేదా చిన్న కార్ఖానాల్లో చేసిన డూప్లికేట్లు. చూడ్డానికి అన్నీ అలాగే ఉంటాయి. బిగిస్తేగానీ గుట్టు బయటపడదు.

రాజీ ఎక్కడ పడొచ్చు?

అద్దాలు, హ్యాండిల్ గ్రిప్పులు, సీటు కవరు... ఇవి కాస్త తేడాగా ఉన్నా బండి నడుస్తుంది. మంచివి దొరికినప్పుడు మార్చుకోవచ్చు. పిస్టన్ అలా కాదు. 250 సీసీ జావా సిలిండర్ బోరు అసలు కొలత 65 మిల్లీమీటర్లు. అరిగిపోతే బోరింగ్ చేసి ఓవర్ సైజ్ పిస్టన్ వేస్తారు. అందుకే ముందు సిలిండర్ ఎంత అరిగిందో కొలిపించి, దానికి తగ్గ పిస్టన్ కొని, ఆ పిస్టన్ కొలతను బట్టే బోరింగ్ చేయించాలి. బిగుతుగా ఉంటే వేడికి పట్టేస్తుంది. పరుగులో ఉండగా ఇంజిన్ పట్టేస్తే వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోవచ్చు!

సైలెన్సర్లదీ అదే కథ. జావాకి రెండు వైపులా రెండుంటాయి. టూ స్ట్రోక్ ఇంజిన్లో పొగ బయటికెళ్లే తీరుని బట్టే కొత్త గాలి, పెట్రోలు లోపలికి నిండుతాయి. కుడివైపు ఒక రకం, ఎడమవైపు ఇంకో రకం పెడితే చప్పుడే కాదు, లాగుడూ మారిపోతుంది. కొంటే జతగా కొనండి. పాత జావాకి కరెంటు 6 వోల్టులు. 12 వోల్టుల బల్బు పెడితే అది మిణుగురే! బ్రేకుల విషయంలో మాత్రం ఎక్కడా రాజీ వద్దు. షూ డ్రమ్ముకి చుట్టూ ఆనుతోందో లేదో దగ్గరుండి చూసుకోండి.

ముందే తేల్చుకోండి

2021 జులైలో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా అయితే రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. కానీ ఆ బండిని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతుల కోసమే రోడ్డెక్కాలి.

అంటే, తాతగారి బండి ముచ్చటగా దాచుకోవడానికా, పొలానికి వెళ్లిరావడానికా అన్నది పానా పట్టకముందే ఇంట్లో అనుకోవాలి. మొదటిదైతే తొందరపడి డూప్లికేట్లు బిగించకండి. రెండోదైతే నికెల్ మెరుపుల మీద పెట్టే డబ్బు ఇంజిన్‌కీ బ్రేకులకీ పెట్టండి. ఏదైనా సరే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. చవగ్గా వస్తోందని ఇంకో బండి ఇంజిన్ తెచ్చి తగిలిస్తే కాగితాల దగ్గర చిక్కే.

చివరగా ఓ మాట. విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయండి. తీసేసిన సామాను తుప్పుపట్టినా, విరిగినా పారేయకండి. ఎక్కడా దొరకని పార్టుని లేత్ మేస్త్రీతో కొత్తగా చేయించాల్సి వస్తే, కొలతకి ఆ విరిగిన ముక్కే ఆధారం!