మన వోచరు శ్రీశ్రీ పాస్ చెయ్యడు

ఆమధ్య మా హోసూరులో తెలుగు మిత్రులం పదిమందిమి ఒకరింటి మిద్దె మీద కూడాం. కాఫీలయ్యాక ఒకాయన సరదాకి ఒక ప్రశ్న వేశాడు. "మీ రాతప్రతి చదివి మంచిచెడ్డలు చెప్పడానికి పేరున్న రచయిత ఎవరో ఒకరు దొరుకుతారనుకోండి. బతికున్నవాళ్లే కానక్కర్లేదు. ఎవర్ని కోరుకుంటారు?" అని. నలుగురు శ్రీశ్రీ అన్నారు. ఇద్దరు చలం అన్నారు. చివరి ముప్పై ఏళ్లూ ఆయన మన తమిళనాట అరుణాచలంలోనే ఉన్నాడు కదా, మనవాడే అని కారణం కూడా చెప్పారు. ఒక పెద్దమనిషి విశ్వనాథ అని, వెంటనే "కానీ తిడతాడేమో" అని వెనక్కి తగ్గాడు. కుటుంబరావు పేరు చెప్పిన ఉపాధ్యాయుణ్ణి మాత్రం నేను మెచ్చుకున్నాను. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా మద్రాసులో కూర్చుని చందమామ కథల్ని చక్కదిద్దిన మనిషి ఆయన. దిద్దడం తెలిసినవాణ్ణి కోరుకున్నాడు మా ఉపాధ్యాయుడు.

తక్కినవాళ్ల ఎంపిక నాకు మింగుడుపడలేదు. ఆ మాట అక్కడే అన్నాను, ఇద్దరికి కోపం వచ్చింది. అందుకే ఇప్పుడు రాతపూర్వకంగా అంటున్నాను. వాళ్లు కోరుకున్నది తప్పు దిద్దేవాణ్ణి కాదు, సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి. శ్రీశ్రీ తమ కవిత చదివి భుజం తట్టినట్టు ఊహించుకున్నారే గానీ, "ఈ నాలుగు పాదాలూ కొట్టెయ్" అన్నట్టు ఒక్కరూ ఊహించుకోలేదు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఉన్నాను. సాహిత్య విమర్శ నాకు రాదు, వోచరు సంగతి తెలుసు. ఒకడు రాసిన వోచరును ఇంకొకడు సరిచూసి సంతకం చెయ్యాలి. ఆ ఇంకొకడు బొంబాయిలో కూర్చున్న చైర్మన్ కాదు, పక్క టేబులు మీది ఆఫీసరు. చైర్మన్‌కు బ్యాంకింగ్ తెలియక కాదు. ఫలానా రైతు సంతకంలో చివరి అక్షరం ఎటు వంగుతుందో పక్క టేబులువాడికే తెలుస్తుంది. వంగకపోతే పట్టుకునేదీ వాడే.

నా వంతు వచ్చినప్పుడు నేను కి. రాజనారాయణన్ అన్నాను. "ఆయన తమిళ రచయిత కదయ్యా!" అని అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. అవును, రాసిందంతా తమిళమే. కానీ ఇంటి భాష తెలుగు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఆయన ఊరు. తెలుగుదేశం నుంచి వలసపోయి ఆ నల్లరేగడి నేలలో ఊరు కట్టుకున్న మనబోటివాళ్ల కథే 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం'. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ బహుమానం ఇచ్చారు. పెద్ద చదువు లేని రైతు, పండితుల తమిళం పక్కనపెట్టి తన సీమ జనం మాటతోనే రాశాడు. ఆ మాటలన్నీ ఏరి ఒక నిఘంటువు కూడా కూర్చాడు. 2021లో పుదుచ్చేరిలో పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది.

"అయితే నువ్వూ పేరున్నవాణ్ణే ఎంచుకున్నావుగా" అన్నాడు చలం అభిమాని ఒకాయన. నిజమే, దొరికిపోయాను. కానీ ఆ పేరున్నవాడికి తోడు ఎవరో చూడండి. అదే ఇడైసేవల్‌లో పుట్టి పెరిగిన కు. అళగిరిసామి. ఈయన ఇంటి భాషా తెలుగే. చిన్ననాటి స్నేహితులు. ఒకడు పత్రికల పని వెతుక్కుంటూ మద్రాసుకు, ఆపైన మలయాకు వెళ్లాడు. ఒకడు ఊళ్లో సేద్యం చేశాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. 1970లో అళగిరిసామి పోయాక ఆ ఏడే అకాడెమీ బహుమానం ఆయన పేర వచ్చింది. ఒకే పల్లెలో, తెలుగు మాట్లాడే రెండిళ్లలో, రెండు అకాడెమీ బహుమానాలు! వాళ్లిద్దరూ కుర్రవాళ్లుగా కథలు మాట్లాడుకున్న రోజుల్లో ఇద్దరికీ పేరు లేదు.

నా సంగతి చెప్పాలి. పదేళ్ల కిందట ఒక కథ రాశాను. కరువు కాలంలో మా నాయన పాడి పశువు చచ్చిపోయిన కథ. విజయవాడ పత్రికకు పంపుదామని గొప్ప జాగ్రత్తగా, "గేదె మరణించింది" అని రాశాను. మా మేనమామకు తెలుగు అక్షరాలు రావు, బళ్లో చదివింది తమిళం. అందుకని చదివి వినిపించాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "మనింట్లో గేదె ఎప్పుడుండిందిరా?" అన్నాడు.

నాకు తల తిరిగింది. మా ఇంట్లో ఉన్నది ఎనుము. తమిళ 'ఎరుమై'కి దగ్గరగా వినిపిస్తుంది, అవతలివాళ్లు అరవం అనుకుంటారేమోనని భయపడి గేదెను తెచ్చి కట్టేశాను. ఇంటికొచ్చి బ్రౌన్ నిఘంటువు తీస్తే ఎనుము దర్జాగా అందులో ఉంది. 'నిండా' కొట్టేసి 'చాలా', 'అంగడి' కొట్టేసి 'దుకాణం' ఆ కథనిండా పెట్టుకున్నాను. శ్రీశ్రీకి చూపించి ఉంటే గేదె మీద ఆయనకు ఏ అనుమానమూ వచ్చేది కాదు. విశాఖపట్నం మనిషికి మా పశువుల కొట్టం ఏం తెలుసు? ఇడైసేవల్ రైతుకైతే వినగానే తెలిసేది. మా మామకు తెలిసింది.

మన పత్రికకు కథలు పంపే మిత్రుల మీద నా ఫిర్యాదు ఇదే. బరంపురం నుంచి రాసినా, షోలాపూరు నుంచి రాసినా, అన్నీ ఒకే గుంటూరు ఇంట్లో పుట్టినట్టుంటాయి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మా బళ్లలో తెలుగు ఎంత ఇరుకైపోయిందో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చదవగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. వినగలిగినవాళ్లు ఇంకా ఇంటింటా ఉన్నారు. వాళ్లను అరుగు మీదే వదిలేసి, పోయినవాళ్ల సంతకం కోసం ఎదురుచూస్తున్నాం.

మా మామకు ఇప్పుడు ఎనభై దాటింది. చెవి కాస్త మందగించింది. పోయిన నెల కొత్త కథ గట్టిగా చదివి వినిపిస్తే సగంలో నిద్రపోయాడు. ఆ సగం నుంచి మళ్లీ రాస్తున్నాను.