మాలో మాట: రెండేళ్ళా, మూడేళ్ళా?

మొన్న వినాయక చవితి భోజనాల దగ్గర ఒక కుర్ర డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, "బాబాయిగారూ, వచ్చే జూన్‌తో రెసిడెన్సీ అయిపోతుంది. తెనాలిలో అమ్మ ఒక్కతే ఉంది. రెండేళ్ళు అక్కడికి పోవాలా, మూడేళ్ళు ఇక్కడ పల్లెలో ఉండాలా? సంక్రాంతి దాటాక ఆలోచిద్దామనుకుంటున్నాను" అన్నాడు. "అంతవరకు ఆగితే ఆలోచించటానికి ఏమీ మిగలకపోవచ్చు నాయనా" అన్నాము. ఇలాంటి ఇళ్ళు మన సంఘంలో మరికొన్ని ఉన్నాయి గనుక ఈ నెల ఆ సంగతే రాస్తున్నాము.

జె-1 వీసా మీద వైద్య శిక్షణకు వచ్చినవారు స్వదేశంలో రెండేళ్ళు గడిపితేగాని హెచ్-1కు గాని, గ్రీన్‌కార్డుకు గాని అర్హులు కారు. మన ప్రభుత్వం అభ్యంతరం లేదని ఉత్తరమిచ్చినా డాక్టర్లకు అది చెల్లదు. 1994లో ఉత్తర డకోటా సెనేటరు కెంట్ కాన్రాడ్ పూనికతో ఒక దారి ఏర్పడింది. డాక్టర్లు చాలని ప్రాంతాలలో మూడేళ్ళు, వారానికి 40 గంటలు పనిచేస్తే ఆ షరతు మాఫీ అవుతుంది. రాష్ట్రానికి ఏటా 20గా ఉన్న చోట్లు 2002లో 30 అయ్యాయి. పెద్ద రాష్ట్రానికైనా, చిన్న రాష్ట్రానికైనా అంతే. లెక్క అక్టోబరు 1న మొదలవుతుంది; కొన్నిచోట్ల త్వరగా నిండిపోతాయి.

ముందు ఉద్యోగం కుదరాలి. ఆపైన రాష్ట్ర ఆరోగ్యశాఖ సిఫార్సు, తరువాత విదేశాంగ శాఖ, చివరకు ఇమ్మిగ్రేషన్ వారు. మాఫీ వచ్చిన 90 రోజుల్లో పనిలో చేరాలి. హెచ్-1 లాటరీ బెడద ఉండదు. కాని మధ్యలో మానేస్తే రెండేళ్ళ షరతు తిరిగి నెత్తిమీదికి వస్తుంది. అందుకే, జీతం అంకె చూసి మురిసి సంతకం చేయకండి. మానేస్తే కట్టవలసిన సొమ్మెంతో, గడువు తీరాక ఆ చుట్టుపక్కల ప్రాక్టీసు చేయనిస్తారో లేదో లాయరుచేత చదివించుకోండి. పైగా ఈ పథకాన్ని కాంగ్రెసు ఎప్పటికప్పుడు గడువు పెంచుతూ నడుపుతోంది. ఆనాటి పరిస్థితి కూడా కనుక్కోండి.

ఇక అమ్మ సంగతి. అది చట్టం తేల్చేది కాదు, మేము తేల్చేదీ కాదు. నేర్చిన విద్య స్వదేశానికి చేరాలనే ఆ రెండేళ్ళు పెట్టారు. తెనాలి చుట్టూ కూడా రోగులున్నారు. వెళ్ళి రావటం ఓటమి కాదని మాత్రం ఆ అబ్బాయితో చెప్పాము.

మూడేళ్ళు పల్లెలో గడిపినవారూ, రెండేళ్ళు ఇంటికి వెళ్ళివచ్చినవారూ తమ అనుభవం నాలుగు ముక్కలు రాసి పంపండి. వచ్చే సంచికలో చోటుంచుతాము.