నిప్పులు కక్కే మృగాలు

నోటి నుండి మంటలు వెలిగ్రక్కే మృగాల కథలను పసిపిల్లల కాలక్షేపంగా భావించి చులకన చేసేవారు లేకపోలేదు. అటువంటి ప్రాణి ఏ అడవిలోనూ, ఏ కాలంలోనూ జీవించలేదన్నది సత్యమే. అయితే మృగం కల్పితమైనంత మాత్రాన దానికి రూపమిచ్చిన భయం కల్పితం కాజాలదు. ఏ జాతి ఏ నిప్పుకు భయపడిందో ఆ జాతి కథలే చెబుతాయి.

హోమర్ రచించిన ఇలియడ్ కావ్యంలో కైమీరా అనే మృగం ఉంది. దానికి ముందుభాగం సింహం, నడుమ మేక, వెనుక సర్పం. అది నిప్పులు కక్కుతూ లిసియా దేశాన్ని పీడించగా బెల్లెరొఫోన్ అనే వీరుడు సంహరించాడు. ప్రాచీనులు లిసియాలోని ఒక పర్వతాన్ని కూడా కైమీరా అనే పిలిచారు. నేటి టర్కీ దక్షిణ తీరంలో రాతి పగుళ్ల నుండి వెలువడే సహజవాయువు నిరంతరం మండుతున్న కొండ అదేనని పలువురు పండితుల అభిప్రాయం. కారణం తెలియని మంటకు ఆనాటి మానవుడు ఒక ముఖాన్ని కల్పించుకున్నాడు.

ప్రాచీన ఆంగ్ల కావ్యమైన బేవుల్ఫ్‌లో మృగాన్ని రెచ్చగొట్టినది మానవుడే. నిధికి కాపలాగా ఉన్న డ్రాగన్ నుండి ఒకడు పాత్రను అపహరిస్తాడు. ఆగ్రహించిన డ్రాగన్ ఇళ్లను దహిస్తుంది. వృద్ధుడైన రాజు దానిని చంపి తానూ మరణిస్తాడు. ఒకని దురాశకు రాజ్యమంతా మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ నిప్పు మానవుని చేతిలోనే పుట్టింది. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ఆ విషధూళి జపాను చేపల పడవపై పడి 23 మంది అస్వస్థులయ్యారు. కొన్ని నెలలకే వారిలో ఒకరు కన్నుమూశారు. ఆ పడవ పేరుకు 'అదృష్ట డ్రాగన్' అని అర్థం కావడం విధి వైపరీత్యం. అదే ఏడాది నవంబరులో ఇషిరో హోండా దర్శకత్వం వహించిన 'గాడ్జిల్లా' చిత్రం విడుదలైంది. బాంబు పరీక్షలతో మేల్కొన్న మృగం అందులో టోక్యో నగరాన్ని దహిస్తుంది. దానిని అంతం చేయగల సాధనం సెరిజావా అనే శాస్త్రవేత్త వద్ద ఉంది. అది రేపు మరొక మారణాయుధం కాగలదని గ్రహించిన ఆయన తన పత్రాలను తగులబెట్టి, ఆ సాధనాన్ని ప్రయోగించి, మృగంతోపాటే ప్రాణత్యాగం చేస్తాడు. ఆ చిత్రంలో అసలైన వీరత్వం మృగసంహారం కన్నా ఆ పత్రాలను దహించడంలోనే ఉంది.

మహాభారతం ఆదిపర్వంలోని ఔర్వుని కథ కూడా ఈ సత్యాన్నే బోధిస్తుంది. తన వంశీయుల వధకు క్రోధించి లోకాలను దహింపబూనిన ఔర్వుడు పితృదేవతల హితవు విని ఆ కోపాగ్నిని సముద్రంలో విడిచాడు. అదే గుర్రపు ముఖం దాల్చి బడబాగ్ని అయింది. శక్తి కలిగి ఉండి కూడా దానిని ప్రయోగించకుండా నిగ్రహించుకోవడమే ఔర్వుని గొప్పతనం.

అణ్వాయుధాల నిర్మూలనకై పోరాడుతున్న హిరోషిమా, నాగసాకి బాధితుల సంస్థకు 2024లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. నాటి నిప్పు నేటికీ చల్లారలేదనడానికి ఇదే నిదర్శనం. కథలోని మృగాన్ని చంపడానికి ఒక వీరుడు చాలు. మానవుడు సృష్టించిన మృగాన్ని అదుపు చేయడానికి మానవులందరి వివేకమూ అవసరం.