పర్లాకిమిడి బొమ్మయింజను

ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట సులభమని మనము తలంతుము. అది ఎంత కష్టమో నాకు తెలియుటకు అరువదియేండ్లు పట్టినది. తెలియజేసినది ఒక బొమ్మయింజను.

టెక్కలిలో మా వీధి చివరి యింటి పిల్లవాడు ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. ఒకనాటి సాయంకాలము వాడు ఒక అట్టపెట్టెను రెండుచేతులతో పట్టుకొని మా అరుగుమీదికి వచ్చెను. ఓడలో పనిచేయుచున్న మేనమామ విదేశమునుండి తెచ్చియిచ్చిన ఆవిరియింజను అందులో ఉన్నది. మూరెడు పొడవైనను లేదుగాని, దానికి నిజమైన బాయిలరు, నిజమైన మంట, నిజమైన ఆవిరి కలవు.

“మాస్టారూ! దీనిని మన పర్లాకిమిడి చిన్నలైను యింజనుగా మార్చవలెనని నా కోరిక. అది ఎట్లుండెడిదో ఈ ఫొటోలో ఉన్నది. ఒకసారి చూడండి” అని వాడు ఒక ఫొటో నా చేతికిచ్చెను.

ఫొటో చూచి నేను తల వంచుకొంటిని. అది పర్లాకిమిడి యింజను ఫొటో కాదు. పదునైదేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమునకు నేను దగ్గరనుండి చేయించిన అట్టయింజను ఫొటో. చూచువారికి ఇంపుగా నుండవలెనని దానికి ఎర్రరంగు వేయించి, బంగారుకాగితము అంటింపించితిని. ఏదో పుస్తకములోని పెద్దలైను యింజనును చూచి, వెనుక బొగ్గుబండిని కూడ తగిలింపించితిని. పైన “మన చిన్నలైను పొగబండి” అని అందమైన అక్షరములతో వ్రాసినవాడను నేనే. అందరును చప్పట్లు కొట్టిరి. ఆనాటి పిల్లలకు ఆ బొమ్మయే నిజమయ్యెను. వారిలో ఒకడు దాచుకొన్న ఫొటో చేతులు మారి, యిప్పుడు ఈ బాలునికి ఆధారమైనది.

ఆ లైను సంగతి మీరును తెలిసికొనవలెను. నౌపడా ఉప్పుమళ్లకు పేరుపొందిన ఊరు. కలకత్తా మదరాసు నగరములను కలుపు పెద్దలైనుమీది జంక్షను. అచ్చటినుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్లు. పర్లాకిమిడి ప్రభువైన గౌరచంద్ర గజపతి తన పట్టణమును పెద్దలైనుతో కలుపదలచి ఈ దారి వేయించెను. 1900వ సంవత్సరమున బండ్లు నడువ మొదలిడెను. పట్టాల నడిమి ఎడము రెండడుగుల ఆరంగుళములు, అనగా 762 మిల్లీమీటర్లు మాత్రమే. పెద్దలైనుకు ఆ ఎడము 1676 మిల్లీమీటర్లు. 1931 నాటికి దారి గుణుపురము వరకు సాగెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరెను, పాతపట్నము ఇటు నిలిచెను. హద్దు మారినది గాని బండి ఆగలేదు. 2004లో చిన్నలైను మూతపడెను. 2011 నాటికి ఆ దారిలో గుణుపురము వరకు పెద్దలైను వచ్చెను. నేడు గుణుపురములో ఎక్కినవాడు నడుమ దిగకుండ విశాఖపట్నము చేరగలడు. అది మేలే, నేను కాదనను. కాని పోయినదానిని గూర్చి అబద్ధము చెప్పినచో, అది తిరిగివచ్చి “నేనిట్లుండలేదు” అని సాక్ష్యమీయజాలదు. కనుకనే దానిపట్ల మన బాధ్యత ఎక్కువ.

నేను చేసిన తప్పును ఆ బాలునితో చెప్పితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. పిదప “అయితే నిజమైనది ఎట్లుండెడిది?” అని అడిగెను. ఆ ప్రశ్నతో మా పని మొదలయ్యెను.

పాత ఫొటోలు సంపాదించితిమి. నౌపడాలో ఆ బండిమీద పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక పెద్దవారిని కలిసికొంటిమి. అట్టయింజనులోని తప్పులు ఒక్కొక్కటిగా బయటపడెను. ఈ లైనుకు ప్రసిద్ధి తెచ్చిన యింజనుకు వెనుక వేరుగా బొగ్గుబండి లేదు. నీటిని, బొగ్గును తనమీదనే మోసికొనిపోవు జాతి అది. ముందు ఆరు నడుపుచక్రములు. వెనుక బరువు మోయుటకు నాలుగు చిన్న చక్రములు. బాయిలరుకు ఇరుప్రక్కల నీటితొట్లు, డ్రైవరు నిలుచు గదివెనుక బొగ్గుతొట్టి. బాలుని బొమ్మకు ఆరు చక్రములు, ఒక బొగ్గుబండి ఉన్నవి. బొగ్గుబండిని తీసివేయవలెను, చట్రమును వెనుకకు పొడిగింపవలెను, వంపులలో అటునిటు తిరుగునట్లు నాలుగు చక్రముల చిన్నబండిని ఒక ఇరుసుమేకుతో దానిక్రింద అమర్పవలెను.

ఇచ్చట కొలతల చిక్కు వచ్చెను. ఆ బొమ్మ 32 మిల్లీమీటర్ల పట్టాలపై నడుచునది. రెండడుగుల లైనుమీది యింజనును పందొమ్మిదవ వంతుకు తగ్గించి చేసినది. పర్లాకిమిడి లైనును అదే వంతున తగ్గించినచో పట్టాల ఎడము 40 మిల్లీమీటర్లు కావలెను. చక్రములను ఎడముచేయుట మాచేత కాదు. బాలుడు లెక్కవేసి, “762ను 32చేత భాగించిన సుమారు 24 వచ్చుచున్నది. ఇరువదినాల్గవ వంతున తగ్గించినచో చక్రములు ఉన్నచోటనే ఉండును” అనెను. అప్పుడు అదే బాయిలరు ఇంకను పెద్ద యింజనుకు సంబంధించినదిగా లెక్కకు వచ్చును. కాని గది తలుపు, మెట్లు, డ్రైవరు బొమ్మ అన్నియు చిన్నవి కావలెను. పందొమ్మిదవ వంతున సుమారు 88 మిల్లీమీటర్లుండు మనిషి ఇరువదినాల్గవ వంతున 70 మిల్లీమీటర్లే యుండును. ఒక కొలత మార్చినచో తక్కినవన్నియు మారవలెను. నిజమునకు లొంగుటయన నిదియే.

మార్పగూడనిది కూడ ఒకటి కలదు. బాయిలరుకు రంధ్రము చేయరాదు. ఆవిరి ఒత్తిడి మితిమీరినప్పుడు దానంతటదే తెరచుకొను సేఫ్టీవాల్వును ఏ రేకుతోను కప్పరాదు. ప్రక్కతొట్లను అట్టతోనో ప్లాస్టికుతోనో చేసినచో వేడికి చెడిపోవును. ఇత్తడిరేకుతో చేసినను, మంటకు దగ్గరనున్న అతుకులకు మామూలు టంకము పనికిరాదు. అది 200 డిగ్రీలకు లోపలనే కరగును. అట్టిచోట్ల మరలు బిగింపవలెను. పెద్దలు దగ్గరలేనిదే మంట వెలిగింపరాదు. ఈ నియమములకు ఒప్పుకొన్న తరువాతనే నేను సరే యంటిని.

మన జిల్లాలో బుడితి గ్రామము ఇత్తడిపనికి పేరుగన్నది. ఇత్తడిపని తెలిసిన ఒకరు పొగగొట్టము అంచును, బాయిలరుమీది గుమ్మటమును చేసియిచ్చిరి. మొదట వారు గుమ్మటముపై అందమైన లతలు చెక్కబోయిరి. బాలుడు ఫొటో చూపి, “అది నునుపుగానే ఉన్నదండీ” అనెను. ఆయన నవ్వి, “పనితనము చూపక విడుచుటయు ఒక పనితనమే బాబూ” అని చేతిలోని ఉలిని క్రింద పెట్టెను. ఆ మాట నాకు తగిలినది. ఆనాడు బంగారుకాగితము అంటింపించునప్పుడు ఆ పనితనము నాకు లేకపోయెను గదా!

“ఆటవస్తువే గదా, ఇంత పట్టింపు ఎందుకు? ఎర్రరంగు వేసినచో ఎవరికి నష్టము?” అని కొందరు మిత్రులు నన్నడిగిరి. ఈ ప్రశ్నను తోసివేయరాదు. ఊహకు స్వేచ్ఛ యుండవలెను. బాలుడు తన ఊహలోని యింజనును చేసి, దానికి ఏడురంగులు వేసి, రెక్కలు తగిలించినను నేను మెచ్చుకొందును. కాని దానిమీద “పర్లాకిమిడి యింజను” అని పేరు వ్రాసిన క్షణముననే అది ఒక సాక్ష్యమగును. పేరు పెట్టినవాడు పేరుకు కట్టుబడవలెను. నేను తప్పినది ఎర్రరంగువద్ద కాదు, ఆ అక్షరములవద్ద.

ఈ లైనుమీది పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా నుండిరి. ఆయన సవరల భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. సవరలు పలికినదే ఆయనకు ప్రమాణము; మన చెవికి ఇంపుగా నుండవలెనని దిద్దినచో అది సవరభాష కాకపోయెడిది. మాటకైనను యంత్రమునకైనను నీతి ఒక్కటే.

ఉన్నదున్నట్లు చేయుట సాధ్యముకానిచోట ఏమి చేయవలెను? బ్రిటనులో ఒక జాతికి చెందిన 49 పెద్ద ఆవిరియింజనులను ఒక్కటియు మిగులకుండ తుక్కుచేసిరి. తరువాత అభిమానులు చందాలు పోగుచేసి, ఆ నమూనాపైననే ‘టొర్నాడో’ అను కొత్త యింజనును 2008లో పూర్తిచేసిరి. దాని బాయిలరు పాతవానివలె రివెట్లతో బిగించినది కాదు, అతికించినది. ఆ సంగతి వారు దాచలేదు. పాత యింజనుల సంఖ్యలలో ఒకదానిని దొంగిలింపక, చివరి సంఖ్యకు తరువాతిదైన 60163ను దానికి వేసిరి. మార్పు తప్పు కాదు. మార్పును దాచుట తప్పు.

రంగు విషయమున మేము చాల తడవు ఆగితిమి. తెలుపునలుపు ఫొటో రంగు చెప్పదు. నౌపడా పెద్దవారు మాత్రము, “నేనెక్కిన యింజను నలుపే. రోజూ నూనెగుడ్డతో తుడిచినవాడను, నాకు తెలియదా?” అనిరి. నా చిన్ననాటి జ్ఞాపకమును దానికి తోడయ్యెను. నల్లరంగే వేసితిమి.

పని ముగిసినపిమ్మట బాలుడు పీఠమునకు ఒక చిన్న అట్ట తగిలించెను. తొట్లు, గది, వెనుకచక్రములు ఫొటోలనుబట్టి చేసినవనియు, రంగు పెద్దల మాటనుబట్టి వేసినదనియు, బాయిలరు మాత్రము కొన్న బొమ్మదేననియు దానిమీద వ్రాసెను. అట్టి అట్టను ఆనాడు నేను వ్రాసియుండినచో ఎంత బాగుండెడిది!

ఇంజనును నౌపడాకు తీసికొనిపోయితిమి. చిన్న పట్టాలమీద అది బుసకొట్టుచు కదలినప్పుడు ఆ పెద్దవారు నేలమీద కూర్చుండి చూచిరి. బాగున్నదని గాని బాగులేదని గాని అనలేదు. కొంతసేపటికి వ్రేలు చూపి, “ఆ మెట్టు ఇంకొంచెము క్రిందికుండెడిది. అక్కడనే నా కాలు పెట్టెడివాడను” అనిరి. బాలుడు వెంటనే పెన్సిలుతో గుర్తుపెట్టుకొనెను. మరునాడే దానిని సరిచేసెను.

విద్యార్థులారా! మీ ఊరిలో మూతపడిన మిల్లో, పూడిపోయిన బావియో, మారిపోయిన బడియో ఉండవచ్చును. దాని బొమ్మ గీయుడు, నమూనా చేయుడు, కథ వ్రాయుడు. కాని మొదట దానినెరిగినవారి యొద్దకు పొండు. బొమ్మను నిజమునకు తగినట్లు మార్చుడు. నిజమును బొమ్మకు తగినట్లు మార్చకుడు. తప్పు దొరలినచో, ఆ బాలునివలె మరునాడే దిద్దుకొనుడు. నావలె పదునైదేండ్లు ఆగవలదు.