కోన్లు పెట్టే ఆ రెండు నిమిషాలు

మా చిన్నమ్మ కొడుకు 108లో పైలట్. అంబులెన్సు నడిపేవాళ్ళను అక్కడ అట్లాగే పిలుస్తారు. మొన్న ఆదివారం మా ఇంటికి అన్నానికి వచ్చాడు. వాడికి ఇష్టమని రాగిసంగటి, నాటుకోడి పులుసు చేశాను. వంగి తింటుంటే మెడ మీద గోళ్ళ గీతలు కనపడ్డాయి. "ఏందిరా అది?" అంటే మొదట నవ్వేశాడు. ఇంకోసారి గట్టిగా అడిగితే చెప్పాడు. గీరింది తాగుబోతులూ కాదు, దొంగలూ కాదు. దెబ్బలు తగిలిన మనిషి చుట్టాలు.

రాత్రి పదకొండు దాటాక హైవే మీద ఒక ఆటో బోల్తా పడిందట. ఫోను రాగానే వీళ్ళు పోయారు. మావాడు తన బండిని ఆటోకు వెనక, వచ్చే లారీలకు అడ్డంగా కాస్త ఏటవాలుగా ఆపి, లైట్లు తిరుగుతుండగా కోన్లు చంకలో పెట్టుకుని రోడ్డు వారగా వెనక్కి నడిచాడు. లోపల టెక్నీషియన్ స్ట్రెచర్ దించుతున్నాడు. అంతలో గుంపులోంచి ఒకడు వచ్చి, "మనిషి చస్తాంటే వీడు కోన్లు పేర్చుకుంటాండాడు" అని కాలరు పట్టుకున్నాడు. ఇంకో ఇద్దరు తోడయ్యారు.

"నువ్వేం చేసినావురా?"

"ఏం చేస్తానక్కా. కోన్లు ఆడ్నే పారేసి స్ట్రెచర్ పట్టుకున్నా."

ఆ రాత్రి వెనక నుంచి ఏ లారీ వచ్చి గుద్దలేదు. అది అదృష్టం.

మా ఆయన ఆ చుట్టాల పక్షమే మాట్లాడాడు. "వాళ్ళ బాధలో వాళ్ళుంటారు కదా, ముందు మనిషిని ఎత్తుకోవాలి కదా" అన్నాడు. ఆ మాట మీద మాకు ఆ సాయంత్రమంతా వాదన. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇట్లాగే అంటారని తెలుసు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కోన్లు పెట్టే ఆ రెండు నిమిషాలు వైద్యానికి ఆలస్యం కాదు. వైద్యం అక్కడే మొదలవుతుంది.

నిరుటి సంగతి గుర్తుందా? 2025 అక్టోబరు 24. దీపావళి అయిపోయి నాలుగు రోజులు. మా కర్నూలుకు పక్కనే చిన్నటేకూరు దగ్గర, హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే స్లీపర్ బస్సు తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో కాలిపోయింది. బస్సులో 19 మంది. ఆ వారమంతా మా వీధిలో పొయ్యి వెలిగించాలంటే కూడా భయపడ్డాం. టీవీల్లో ఎన్ని చర్చలు! బస్సు పర్మిట్టు, తలుపులు, అద్దాలు పగలగొట్టే సుత్తి, బైకు అబ్బాయి తాగి ఉండటం. అవన్నీ అడగాల్సినవే, కాదనను. కానీ ఆ బస్సు ఒక మనిషిని గుద్దడంతో మొదలైన కథ కాదది. బైకు అంతకుముందే డివైడరుకు తగిలి పడిపోయింది. నడిపే అబ్బాయి అక్కడే పోయాడు. వెనక కూర్చున్న అతను అతన్ని రోడ్డు పక్కకు లాగాడు. బైకు మాత్రం రోడ్డు మధ్యలోనే ఉండిపోయింది, చీకట్లో. కొన్ని బండ్లు తప్పించుకుని పోయాయి. ఈ బస్సు తప్పించుకోలేకపోయింది. బైకును కింద ఈడ్చుకుపోయింది, నిప్పు పుట్టింది.

పక్కనున్న అతన్ని తిట్టినవాళ్ళున్నారు. నేను తిట్టను. కళ్ళ ముందు స్నేహితుడు పడి ఉంటే ఎవరైనా ముందు మనిషినే లాగుతారు. నా కోపం వేరే. పక్కనుంచి తప్పించుకుని పోయిన ఆ బండ్లలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, కాస్త ముందుకు పోయి వారగా ఆగి, ఒక మనిషి వెనక్కి నడిచి సెల్‌ఫోను లైటు ఊపి ఉంటే? మొదటి ప్రమాదానికీ రెండో ప్రమాదానికీ మధ్య ఉన్న ఆ కాసేపటి గురించి ఏ చర్చలోనూ నేను వినలేదు.

లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. డ్రైవరు చూసి, అదేమిటో అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తేవడానికి రెండు సెకన్లనుకున్నా 44 మీటర్లు అయిపోయాయి. అప్పటికి ఇంకా బ్రేకు పడటం మొదలైందంతే. సిమెంటు లోడు లారీ అయితే ఎక్కడ ఆగుతుందో మీరే ఊహించుకోండి. ఆటో పక్కనే నిలబడి చేతులు ఊపితే ఏం లాభం? వంద మీటర్ల వెనక ఊపాలి.

ఇంత చెప్తున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి కదా. రెండేళ్ళ కింద ప్రొద్దుటూరులో మా పుట్టింటికి పోతూ, చాగలమర్రి దాటాక రాత్రిపూట ఒక బైకు పడిపోయి ఉంటే ఆగాం. కారు రోడ్డు మీదే ఆపాం. నాలుగు లైట్లూ కొట్టుకునే బటనుందే, అదీ నొక్కలేదు. నేను నీళ్ళ సీసా పట్టుకుని దిగాను, నా వెనకే పిల్లలిద్దరూ దిగారు. పడినాయనకు నీళ్ళు పట్టానని నాలుగు రోజులు గొప్పగా చెప్పుకున్నాను. మా తమ్ముడు విని, "నువ్వు సాయం చేయలేదక్కా, మాకు ఇంకో కేసు తయారు చేసినావు" అన్నాడు. అప్పుడు అలిగాను.

మన వైపు ఇంకో అలవాటుంది. లారీ చెడిపోతే వెనక నాపరాళ్ళు పేరుస్తారు, కంపచెట్టు కొమ్మ ఒకటి నిలబెడతారు. లారీ బాగవుతుంది, పోతుంది. రాళ్ళు అక్కడే ఉంటాయి. తర్వాత వచ్చే మోటారు సైకిలుకు అవే యముళ్ళు. ఎర్ర త్రికోణం ఉండి కూడా ఈ రాళ్ళెందుకంటే, అది డిక్కీలో స్టెప్నీ కింద కంపెనీ ఇచ్చిన కవరులోనే ఉంటుంది కాబట్టి. మా కారులోనూ అంతే, మొన్నే తీసి చూశాం.

దారి ఇవ్వకుండా అంబులెన్సును ఆపేవాడికి 10,000 రూపాయల జరిమానా ఉంది, 2019 సవరణలో వచ్చింది. అది సైరన్ వేసుకుని పరుగెత్తే బండి సంగతి. ఆగి, దాని పక్కన మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తున్నప్పుడు మనం ఏం చేయాలి? అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం ఉంది: అట్లాంటి బండి కనపడితే పక్క లేనులోకి జరగాలి, కుదరకపోతే వేగం తగ్గించాలి. జర్మనీలో ప్రతి కారులో త్రికోణంతో పాటు మెరిసే జాకెట్టు కూడా ఉండి తీరాలి. మన దగ్గర రాత్రిపూట ఖాకీ బట్టలతో, చేతిలో ఒక లాఠీతో పోలీసాయన హైవే మధ్యలో నిలబడతాడు. చీకట్లో ఖాకీ కనపడుతుందా? సాయం చేసిన వాళ్ళను సతాయించొద్దని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత చట్టంలోకీ వచ్చింది. మంచిదే. ఆగే ధైర్యమిచ్చారు, ఎట్లా ఆగాలో ఎవరూ నేర్పలేదు.

గుంపు సంగతీ అంతే. మన బస్సు కాలిన పది రోజులకే, నవంబరు 3న, చేవెళ్ల దగ్గర ఆర్టీసీ బస్సు మీద కంకర టిప్పరు పడింది. అక్కడ మనుషుల్ని బయటికి తీయిస్తున్న సీఐ కాలు మీదికి జేసీబీ ఎక్కింది. అంత ఇరుకులో, అన్ని అరుపుల మధ్య అట్లా కాక ఎట్లా అవుతుంది? చూడ్డానికి వచ్చినవాళ్ళు పది గజాలు వెనక్కి జరిగితే పని చేసేవాళ్ళకు అడుగు పెట్టే చోటు దొరుకుతుంది.

టోలు కడుతున్నాం కదా, అందులోంచే అడుగుతున్నాను. హైవే పెట్రోలింగ్ బండి ముందు వచ్చి వెనక వైపు అడ్డుకోవాలి, ఆ తర్వాతే మా తమ్ముడిలాంటి వాళ్ళను రోడ్డు మీద మోకరిల్లమనాలి. 108కు ఫోను చేసేటప్పుడే 1033కూ చేయండి, జాతీయ రహదారి వాళ్ళ నంబరది. ఇద్దరు పిల్లల తండ్రి వాడు. లారీ పక్కనుంచి పోతే ఆ గాలికి చొక్కా లేస్తుందట, వాడే చెప్పాడు.

నిన్న చిన్నమ్మ ఫోను చేసింది. "వానికి నువ్వన్నా చెప్పే, ఆ కోన్లూ గీన్లూ వద్దు, పోతానే పేషెంటును ఎత్తుకోమను. జనంతో తన్నులు తినాల్సిన పనేముంది?" అంది. నేను అట్లా చెప్పనన్నాను. "నీకేం, నీ కొడుకు కాదు కదా" అని పెట్టేసింది. ఈ రోజు మళ్ళీ చేశాను, తీయలేదు.