వైద్యునికి చికిత్స ఎవరు చేయవలెను?

రష్యా రచయిత ఆంటన్ చెహోవ్ స్వయముగా వైద్యుడు. 1892లో కలరా భయము వ్యాపించినప్పుడు ఆయన మేలిహోవో పరిసరములందలి 25 గ్రామముల వైద్యభారమును జీతము పుచ్చుకొనకయే వహించెను. 1897లో వెలువడిన ‘వాన్యా మామయ్య’ నాటకములోని పల్లెవైద్యుడు ఆస్త్రోవ్, అట్టి అనుభవము గలవాడు సృష్టించిన పాత్ర.

ఆస్త్రోవునకు పగలు విశ్రాంతి లేదు. రాత్రి పక్క చేరినను ఎవరు వచ్చి లేపుదురో యను భయము. టైఫస్ జ్వరపీడితుల గుడిసెలలో దినమంతయు గడపి ఇల్లు చేరగా, రైల్వే కార్మికుడొకనికి శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. మత్తుమందు ప్రభావమున ఆ రోగి బల్లమీదనే మరణించెను. ఆ మృతి అతని మనస్సును వీడలేదు. అతడు త్రాగుచున్నాడు. సోన్యా ప్రార్థింపగా మానెదనని మాట యిచ్చెను. నాటకము ముగియకమున్నే మరల గ్లాసు నందుకొనెను.

మాట తప్పెనని నిందించుట సులభము. కాని మాట పుచ్చుకొన్నవారు అతని బరువునేమైన తగ్గించిరా?

మన దేశమున మైదానములందు 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతములందు 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని ప్రమాణము. అట్టిచోట తోడు లేక పనిచేయు యువవైద్యుని తలపోయుడు. అర్ధరాత్రి ప్రసవము, తెల్లవారకమున్నే పాముకాటు. ప్రాణము దక్కకున్న బంధువుల ఆగ్రహము. అతడు మద్యమునకు లోబడినచో ఎవరితో చెప్పుకొనును? ఊరి నోటికి మూత లేదు. ఉద్యోగము పోవునను భయము వేరొకటి. కావున దాచును, దాచిన వ్యాధి ముదురును.

త్రాగియున్న వైద్యుడు రోగిని తాకరాదు. ఇందు దాక్షిణ్యమునకు తావు లేదు. ప్రాణము పోవునది నిరుపేద రోగిది. అతనిని తక్షణమే విధులనుండి తప్పింపవలెను. కాని తప్పించుట వేరు, వెలివేయుట వేరు. వెలి తప్పదని తెలిసినచో సహోద్యోగులును నోరు విప్పరు. అప్పుడు రోగికే కీడు. అమెరికా వైద్యసంఘము 1973లోనే వ్యసనపీడితుడైన వైద్యుని రోగిగా గుర్తించి నివేదిక ప్రకటించినది. 2008లో లండనులో వైద్యులకై గోప్యముగా చికిత్స చేయు సేవ యొకటి ఆరంభమైనది.

ఒట్టు చికిత్స కాదు. మాట యడుగుట సోన్యాకు చేతనైన పని. ఆమె అది చేసినది. పల్లెవైద్యునికి సెలవు, తోడుగా మరియొక వైద్యుడు, గోప్యమైన చికిత్స, కోలుకొన్నపిమ్మట తిరిగి వచ్చుటకు దారి కల్పించుట ప్రభుత్వమునకు చేతనైన పని. అది చేయనంతకాలము అతని పతనములో మనకును పాలు గలదు.