బకాయిలు, పూచీ సంతకాలు, భద్రతా అర్హత

అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూసేందుకు ఇచ్చే అనుమతిని సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. ఇది సాధారణంగా ఆ దేశ పౌరులకే లభిస్తుంది కాబట్టి, పౌరసత్వం పొంది రక్షణరంగ సంస్థల్లో ఉద్యోగాలు కోరే తెలుగువారు దీని ఆర్థిక నిబంధనలను ముందుగానే తెలుసుకోవడం అవసరం. 2017 జూన్ నుంచి అమలులో ఉన్న 13 మార్గదర్శక సూత్రాలలో ‘ఎఫ్’ సూత్రం అభ్యర్థి ఆర్థిక ప్రవర్తనకు సంబంధించినది. అప్పుల్లో కూరుకుపోయిన మనిషి డబ్బు కోసం అక్రమాలకు పాల్పడవచ్చునన్న ఆందోళన దానికి మూలం. 1985లో సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టిన సీఐఏ ఉద్యోగి ఆల్డ్రిచ్ ఏమ్స్ ఆర్థిక ఇబ్బందులనే కారణంగా చెప్పుకోవడం ఆ ఆందోళనకు బలమిచ్చింది.

దరఖాస్తు పత్రమైన ఎస్ఎఫ్-86, గత ఏడేళ్లలో 120 రోజులకు మించి చెల్లింపు ఆగిన అప్పులను వెల్లడించమంటుంది. తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది: సొంత అప్పులతో పాటు, ఇతరుల రుణానికి పూచీ పడి చేసిన సంతకాలు కూడా ఆ ప్రశ్న పరిధిలోకి వస్తాయి. తమ్ముడి చదువుకో బావమరిది వ్యాపారానికో హామీ సంతకం పెట్టి, వాయిదాలు సక్రమంగా కడుతున్నారో లేదో ఆ తర్వాత ఆరా తీయని వ్యక్తి, తన ప్రమేయం లేని ఎగవేతకు తానే సంజాయిషీ చెప్పుకోవలసిరావచ్చు. బంధువులను నిలదీస్తే మర్యాద పోతుందన్న సంకోచం అర్థం చేసుకోదగినదే అయినా, ఇటువంటి సందర్భంలో అది ప్రమాదకరం.

అప్పు ఉన్నంత మాత్రాన అర్హత పోదు. ఉద్యోగం పోవడం, అనారోగ్యం, విడాకులు, కుటుంబంలో మరణం వంటి చేయిదాటిన కారణాలు ఉండి, అభ్యర్థి బాధ్యతగా వ్యవహరించినట్లు తేలితే నిర్ణేతలు దానిని పరిగణనలోకి తీసుకుంటారు. అప్పును సిగ్గుపడి దాచినవారికి మాత్రం మరింత కష్టం వస్తుంది, ఎందుకంటే ఉద్దేశపూర్వకంగా దాచడం వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన ‘ఇ’ సూత్రం కింద వేరే అభ్యంతరమవుతుంది, తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం కూడా.

క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లో నేవీ విభాగం, ఈగన్ మధ్య నడిచిన కేసులో స్పష్టం చేసింది. సందేహం మిగిలితే నిర్ణయం దేశభద్రత వైపే మొగ్గుతుంది. అభ్యంతరాల పత్రం అందుకున్న కాంట్రాక్టు సంస్థ ఉద్యోగి లిఖితపూర్వకంగా జవాబిచ్చి, పరిపాలనా న్యాయమూర్తి ఎదుట విచారణ కోరవచ్చు. అక్కడ ఇకపై కడతామన్న హామీకన్నా, నోటీసు రాకముందే రుణదాతతో కుదుర్చుకున్న ఒప్పందానికీ, నెలనెలా కట్టిన రసీదులకూ ఎక్కువ విలువ ఉంటుంది.